పందెపు పావురాలకు పొడి గూడే తొలి వైద్యం

రాయచూరు నుండి దేవదుర్గకు వెళ్లే మార్గంలో ఉన్న గబ్బూరు, ప్రాచీనమైన రాతి గుడులకు పేరు పొందిన గ్రామం. పాత గుళ్ల కప్పుల సందులలో కాపురముండే నీలి పావురాలకు ఎవరూ మందులు వేయరు, మేత పెట్టరు. అయినా వాటి సంతతి తరగడం లేదు. అదే ఊరిలో ఎవరైనా మిద్దె మీద ప్రేమతో పెంచుకునే పందెపు పావురాలు మాత్రం తొలకరి దాటగానే తుమ్మడం, కన్ను చెమర్చడం, పచ్చగా పలుచగా రెట్ట వేయడం మొదలుపెడతాయి. గుడి పావురాలకు రోగాలు రావని దీని అర్థం కాదు. వాటిలో చచ్చినది మన కంట పడదు, అంతే. అయితే వాటికి ఉన్న ఒక సౌకర్యం పెంపుడు పావురాలకు తరచుగా కొరవడుతుంది. అవి గాలి ఆడే ఎత్తైన చోట, పొడి రాతి మీద నిద్రిస్తాయి. తమ రెట్ట మీద తామే పడుకోవు.

పావురాలకు చలి కంటె, ఎండ కంటె చెమ్మ ఎక్కువ హాని చేస్తుందని అనుభవజ్ఞులైన పెంపకందారులందరూ ఏకాభిప్రాయంతో చెబుతారు. రాయచూరు జిల్లాలో కురిసే వర్షం ఏడాదికి సుమారు 650 మిల్లీమీటర్లే. ఇంత ఎండ ప్రాంతంలో చెమ్మ ఎక్కడి నుండి వస్తుందని సందేహం కలగడం సహజం. ఆ సందేహం వలననే ఇక్కడ చాలామంది గూటి నిర్మాణం మీద శ్రద్ధ పెట్టరు.

పందెపు పావురం అనగా ఇక్కడ దూరప్రయాణపు పావురం అని గ్రహించాలి. డబ్బు ఒడ్డి ఆడే జూదంతో ఈ వ్యాసానికి సంబంధం లేదు. పందొమ్మిదవ శతాబ్దంలో బెల్జియం దేశంలో వృద్ధి చేసిన హోమర్ జాతి నేడు ప్రపంచమంతటా వ్యాపించింది. ఒడిశా పోలీసు శాఖ 1946లో సైన్యం నుండి తెచ్చుకున్న పావురాలతో సందేశాల సేవను ప్రారంభించింది. 1982 నాటి వరదలలోను, తీగలన్నీ తెగిపోయిన 1999 నాటి పెనుతుఫానులోను ఆ పక్షులు వార్తలు మోశాయి. హైదరాబాదు నుండి గబ్బూరుకు గగనమార్గాన దాదాపు 180 కిలోమీటర్లు ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న హోమర్ పావురం, గాలి ఎదురు కాకపోతే, మూడు గంటల లోపున ఆ దూరం దాటి ఇల్లు చేరగలదు. ఊపిరితిత్తులలో కొద్దిపాటి నెమ్ము ఉన్న పావురం దారిలో ఏ చెట్టు మీదనో వాలిపోతుంది. పెంచినవారు దానిని డేగ తన్నుకుపోయిందని అనుకుంటారు.

చెమ్మ ఎక్కడి నుండి వస్తుంది?

ఎదిగిన పావురం ఒకటి రోజుకు సుమారు 30 నుండి 40 మిల్లీలీటర్ల నీరు త్రాగుతుంది. ఎండలలోను, పిల్లలకు మేపేటప్పుడు ఇంకా ఎక్కువ త్రాగుతుంది. ఇరవై పావురాలున్న గూటిలో ఇది రోజుకు ముప్పావు లీటరు. పావురానికి చెమట గ్రంథులు లేవు. కనుక ఆ నీటిలో ఎక్కువ భాగం రెట్ట రూపంలోను, ఊపిరి ఆవిరి రూపంలోను బయటకు వస్తుంది. అనగా వాన చినుకు పడని రోజున కూడా ప్రతి గూటిలో ముప్పావు లీటరు నీరు చల్లినట్లే. గాలి ఆడితే అది ఎగిరిపోతుంది. ఆడకపోతే రెట్టలో, చెక్కలో, గడ్డిలో నిలిచిపోతుంది. చలి తగులుతుందని జాలి మీద గోనెపట్టాలు కప్పి నాలుగు వైపులా మూసివేసేవారు మంచి చేస్తున్నామనుకుంటూ ఈ నీటిని లోపలే బంధిస్తున్నారు.

దీనికి తోడు ఈ ప్రాంతపు నల్లరేగడి నేల వాన వెలిసిన ఎన్నో రోజుల వరకు తడిని విడువదు. నారాయణపుర కుడి కాలువ నీరు వచ్చిన తరువాత దేవదుర్గ తాలూకాలో వరి మడులు పెరిగి దోమలూ పెరిగాయి. సెప్టెంబరు నెలలో వాన అధికం. అప్పటికి పావురాలు పాత ఈకలు రాల్చి కొత్తవి తొడుగుతూ బలహీనంగా ఉండడం కూడా కద్దు.

తడిసిన రెట్టలో ఏమి జరుగుతుందో తెలిస్తే ఎవరూ దానిని మరునాటికి విడువరు. కాక్సీడియా అనే పేగు క్రిమి గుడ్లు రెట్టతో బయటపడినప్పుడు ఇతర పక్షికి రోగం కలిగించగల స్థితిలో ఉండవు. వెచ్చదనం, తేమ, గాలి ఉంటే రెండు రోజులలో ఆ స్థితికి వస్తాయి. పొడిగా ఎండిపోతే చాలావరకు నశిస్తాయి. ఏలిక పాముల గుడ్లకైతే రెండు మూడు వారాల తేమ కావాలి. ప్రతిదినం ఎత్తివేసిన పొడి నేల మీద ఈ రెండింటికీ అవకాశం ఉండదు. తడి రెట్ట నుండి వెలువడే అమ్మోనియా వాయువు మరొక శత్రువు. పావురం శరీరంలో ఊపిరితిత్తులతో పాటు తొమ్మిది గాలి సంచులు ఉంటాయి. ఎగరడానికి అవసరమైన ఆ ఏర్పాటే చెడుగాలిని కూడా లోలోపలికి చేరవేస్తుంది. తెల్లవారుజామున తలుపు తీయగానే ముక్కుకు ఘాటు తగిలితే, రాత్రంతా ఆ పక్షులు అదే గాలిని పీల్చాయని తెలుసుకోవాలి.

గూటిలో చెమ్మ ఎంత ఉన్నదో తెలుసుకోవడానికి పరికరం అక్కరలేదు. రెండు కాగితాలలో పిడికెడు చొప్పున పొడి రాతి ఉప్పు ఉంచి, ఒకటి గూటి లోపల, మరొకటి బయట చూరు కింద రాత్రంతా ఉంచి పొద్దున పోల్చి చూడాలి. బయటి ఉప్పు కంటె లోపలి ఉప్పు ఎక్కువ చెమర్చితే గాలి ఆడడం లేదన్నమాట. రెట్టను గీకినప్పుడు పొడిగా రాలితే గూడు బాగున్నట్లు, మెత్తగా పూసుకుపోతే బాగుపరచవలసి ఉన్నట్లు.

గూటి నిర్మాణం

జత పావురాలకు ఒక ఘనమీటరు చోటు ఉండాలన్నది పెంపకందారులు పాటించే లెక్క. ఎనిమిది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు గల గూటిలో ఇరవై పావురాలకు మించి ఉంచరాదు. ముప్పై పెట్టినవారు చివరకు పదిహేనింటితో మిగలడం వింత కాదు. నేల మీద కట్టేటట్లయితే రాతి కంబాల మీద రెండున్నర, మూడడుగుల ఎత్తున నిలపాలి. కంబాలకు బోర్లించిన గరాటు ఆకారంలో రేకు చుట్టితే ఎలుకలు ఎక్కవు. ఎలుక మూత్రం, పెంట తగిలిన గింజల వలన సాల్మోనెల్లా రోగం వచ్చి రెక్క కీళ్లు వాస్తాయి. మట్టి మిద్దె మీద కట్టేవారు కూడా అడుగున జానెడు సందు విడువకపోతే గూటితో పాటు మిద్దె కూడా కారుతుంది.

గూటి ముఖం తూర్పుకు ఉండడం ఈ ప్రాంతానికి శ్రేయస్కరం. నైరుతి గాలివాన వెనుక గోడకు తగులుతుంది, ఉదయపు ఎండ లోపలికి వస్తుంది. కప్పు వాలు పడమటికి ఉంచి, చూరును ముందు వైపు రెండడుగులు బయటకు చాచాలి. గాలి కింది భాగంలో ప్రవేశించి, కప్పు కింద ఉన్న సందు గుండా పైకి పోవాలి. వెచ్చని ఆవిరి పైకే పోతుంది కనుక పై సందును మూయరాదు. అయితే పావురాలు కూర్చునే పలకల మీదుగా గాలి సూటిగా దూసుకుపోకూడదు. గాలి ఆడడం వేరు, గాలి కొట్టడం వేరు.

కప్పు విషయంలో కొంత ఆలోచన అవసరం. రేకు చవక, కాని ఏప్రిల్, మే నెలలలో నలభై డిగ్రీలు దాటే ఎండకు అది పెనంలా కాలుతుంది. కార్తీక మాసపు తెల్లవారుజామున దాని అడుగున మంచు పట్టి పావురాల వీపుల మీద బొట్లు బొట్లుగా రాలుతుంది. వాన లేకుండానే గూడు తడవడానికి ఇదే ప్రధాన కారణం. మంగళూరు పెంకుల సందులలో గాలి ఆడుతుంది కనుక ఆ బాధ తక్కువ. రేకు తప్పనిసరి అయినవారు పైన మందంగా బోద గడ్డి పరచి, లోపల ఒక చాపను నాలుగంగుళాల ఎడంతో కట్టాలి. కిటికీలకు అర అంగుళం కన్నాల జాలి వేస్తే ఎలుక, పాము రాకపోవడమే కాక గుడి పావురాలు కూడా లోపలికి దూరవు. వాటితో పెంపుడు పావురాలు ఒకే తొట్టిలో నీరు త్రాగడం వలన వచ్చే రోగాలు తక్కువ కావు.

నేల మీద ఆరిన సున్నపు పొడి పలుచగా చల్లి ఊడ్చివేస్తే తడిని పీలుస్తుంది. నీరు పోయని సున్నం మాత్రం వాడరాదు. అది పాదాలను, కళ్లను కాలుస్తుంది. పావురాలకు స్నానం ఎంతో ఇష్టం. వారానికి ఒకటి రెండుమార్లు, ఎండ ఉన్న పూట, గూటికి వెలుపల పళ్లెం పెట్టి, ఈకలు ఆరిన తరువాతే లోపలికి రానివ్వాలి. త్రాగే నీటి పాత్ర కూడా జాలి బయట ఉంచి, మెడ చాచి త్రాగేటట్లు అమర్చితే ఒలికిన నీరు లోపల పడదు.

ఇంటివారి ఆరోగ్యం

రెట్ట పొడిగా ఉండాలని ఇంతవరకు చెప్పుకున్నాం. అయితే పొడి రెట్ట ధూళిగా లేచినప్పుడు మనుషులకు ప్రమాదం. ఏళ్ల తరబడి ఆ ధూళిని, ఈకల పొడిని పీల్చినవారిలో కొందరికి ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు వస్తుంది. గూడు శుభ్రం చేసిన నాలుగు నుండి ఎనిమిది గంటల తరువాత దగ్గు, జ్వరం, ఆయాసం రావడం దాని తొలి లక్షణం. దీనిని మామూలు పడిశమని ఉపేక్షించకుండా, ఇంటిలో పావురాలున్న సంగతి వైద్యునికి తప్పక చెప్పాలి. పేరుకుపోయిన పాత రెట్టలో పెరిగే క్రిప్టోకాకస్ అనే బూజు, బలహీనులకు మెదడు పొరల జబ్బు తెస్తుంది. కనుక రోజూ ఉదయం, రెట్ట ఇంకా పూర్తిగా ఎండిపోకమునుపే పాత తాపీతో గీకి ఎత్తాలి. ముక్కుకు, నోటికి మాస్కు ఉండాలి. చీపురుతో దుమ్ము రేపరాదు. చిన్నపిల్లలకు, గర్భిణులకు, ఉబ్బసం ఉన్నవారికి ఈ పని అప్పగించరాదు. పడకగది కిటికీ పక్కన గూడు కట్టరాదు.

ఎత్తిన రెట్ట వృథా కాదు. ఒక్క పావురం ఏడాదికి సుమారు పది కిలోలు వేస్తుంది. ఇరాన్‌లోని ఇస్ఫహాన్ ప్రాంతంలో కర్బూజ తోటల ఎరువు కోసమే ఒకప్పుడు వేలాది గూళ్లున్న బురుజులు కట్టారు. పచ్చిది చాలా వేడి చేస్తుంది కనుక గుంటలో మాగబెట్టిన తరువాతే మిరపకు, కూరగాయలకు వేయాలి.

మేత

ఒక్కొక్క పావురానికి రోజుకు సుమారు 30 గ్రాముల గింజలు చాలు. జొన్న, సజ్జ, మొక్కజొన్నలతో పాటు కంది, పెసర, శనగలు, కొంచెం కుసుమలు కలిపితే ఈ జిల్లా పంటలతోనే మంచి మేత అవుతుంది. దూరపు ప్రయాణానికి ముందు నూనె గింజలు కొద్దిగా పెంచుతారు. గింజ కూడా పొడిగా ఉండాలి. పంట కింద కొరికితే టక్కున విరగాలి. బూజు పట్టిన వేరుశనగలోని విషం కాలేయాన్ని చెడగొడుతుంది, దానికి మందు లేదు. విత్తనశుద్ధి మందు పూసిన గింజలను మిగిలాయని పావురాలకు వేయడం ప్రాణాంతకం. విత్తనాలు వేసే రోజులలోను, పత్తికి మందు కొట్టే రోజులలోను పావురాలను మేపి, కడుపు నింపి, ఆ తరువాతే విడువాలి. అప్పుడు అవి పొలాలలో దిగవు.

పొడి గూడు కూడా ఆపలేనివి

గూడు ఎంత పొడిగా ఉన్నా కొన్ని రోగాలు వస్తాయి. మెడ వంకర తిరిగి, గింజను గురి తప్పి పొడుస్తూ, నీళ్ల రెట్ట వేస్తే అది కోళ్ల కొక్కెర తెగులుకు దాయాది అయిన వైరస్ జబ్బు. దీనికి చికిత్స లేదు, ముందుగా వేయించే టీకాయే రక్ష. ఏ టీకా, ఎంత అన్నది పశువైద్యుడే నిర్ణయించాలి. దోమకాటు వలన ముక్కు, కన్నుల చుట్టూ పొక్కులు లేచే మశూచి వస్తుంది. సాయంత్రం దోమతెర దించడం ఉత్తమం. గొంతులో పసుపుపచ్చని జున్నువంటి పొర కనబడితే అది ట్రైకోమోనాస్ క్రిమి పని. తల్లి పక్షి తన గొంతు పాలతోనే పిల్లకు దానిని అంటిస్తుంది.

మందుల దుకాణంలో తోచిన యాంటీబయాటిక్ కొని నీటిలో కలపడం నేడు సర్వసాధారణమైంది. వైరస్‌కు అది పనిచేయదు. క్రిమికి పనిచేసేది సగంలో ఆపితే మొండికెక్కుతుంది. డాక్సీసైక్లిన్ వంటి మందు ఇచ్చే రోజులలో గుడ్డు పెంకులు, గవ్వపొడి తీసివేయకపోతే సున్నంతో కలిసి మందు వృథా అవుతుంది. తాజా రెట్టను చిన్న డబ్బాలో పశువైద్యశాలకు తీసుకుపోయి సూక్ష్మదర్శిని కింద చూపించడం చవకైన మార్గం. కర్ణాటక వైపు ఆసుపత్రిలో ‘పారివాళ’ అంటే వెంటనే అర్థమవుతుంది. సంచార పశువైద్య వాహనానికి 1962 నంబరుకు ఫోను చేయవచ్చు.

2025 ఆరంభంలో గోదావరి జిల్లాలలోను, కర్నూలులోను, బళ్లారి జిల్లాలోను బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయింది. కోళ్లంత సులభంగా పావురాలకు ఆ జబ్బు సోకదు గాని, కాళ్లకు, ఈకలకు అంటించుకుని మోయగలవు. అటువంటి వార్త వచ్చినప్పుడు పావురాలను బయటకు విడువకపోవడం, కోళ్లతో కలువనీయకపోవడం అవసరం. పక్షులు వరుసగా చనిపోతే చేతితో ముట్టకుండా పశుసంవర్ధక శాఖకు తెలపాలి.

కాలికి కడియమున్న పరాయి పావురం అలసి మిద్దె మీద వాలితే గూఢచారి పక్షి అని భయపడనక్కరలేదు. కడియం మీద ఉండేవి సాధారణంగా సంఘం గుర్తు, పుట్టిన సంవత్సరం, వరుస సంఖ్య. పిల్ల పుట్టిన వారం పది రోజులలో, కాలు సన్నగా ఉన్నప్పుడు తొడుగుతారు, ఆపై అది ఊడదు. అటువంటి పక్షికి నీరు, గింజలు పెట్టి వేరే పెట్టెలో ఉంచాలి. తేరుకున్న తరువాత ఉదయం పూట విడిస్తే చాలావరకు తన దారి తాను పోతుంది. పోకుండా నిలిచిపోయిన దానిని మూడు వారాలు విడిగా ఉంచి, రెట్ట పరీక్ష చేయించకుండా మాత్రం సొంత గూటిలోకి రానివ్వరాదు.