ఇంటి చుట్టూ వాననీటికి దారి

రాయదుర్గం బండల నేల. బండమీద వేసిన పునాది గట్టిదే గాని, బండ నీటిని త్రాగదు. పైనున్న కాస్త మట్టి నానిన తరువాత మిగిలిన వాన అంతా పల్లానికి పరుగెత్తుతుంది. ఇక్కడి దుర్గం చెరువు, మల్కం చెరువు అలా చేరిన నీటితో నిండేవే. మనం దారి చూపకపోతే ఆ నీరు గోడ ప్రక్కనే నిలిచి, పునాదికి చెమ్మ పట్టిస్తుంది.

2000 ఆగస్టు 24న హైదరాబాదులో ఒక్కరోజులో సుమారు 24 సెంటీమీటర్ల వర్షం నమోదైంది. అంతటి వానకు 100 చదరపు మీటర్ల డాబామీద పడే నీరు 24,000 లీటర్లు!

గృహస్థులారా, చేయవలసిన పని కష్టమైనదేమీ కాదు. వాన కురిసేటప్పుడు గొడుగు వేసుకొని ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి, నీరు ఎక్కడ నిలుస్తుందో గుర్తుపెట్టుకోండి. నేల ఆరిన తరువాత ఆ పల్లాలను మట్టితో పూడ్చి గట్టిపరచండి. గోడ నుండి 10 అడుగుల దూరానికి 6 అంగుళాల వాలు ఉంటే మంచిది. డాబా గొట్టం నుండి వచ్చే నీరు గోడ మొదట్లో పడకుండా, చిన్న కాలువ తీసి ఇంకుడు గుంతకు మళ్లించండి. గుంత పునాదికి 10 అడుగులైనా ఎడంగా ఉండాలి. అందులో అడుగున పెద్దరాళ్లు, వాటిపైన కంకర, ఆపైన దొడ్డు ఇసుక వేయాలి. బండ పైపైనే తగిలేచోట గుంత త్వరగా నిండుతుంది గనుక, పొర్లిన నీరు వీధిలోని వాననీటి కాలువకు చేరే ఏర్పాటు చేయండి. మురుగు మ్యాన్‌హోల్‌లోకి మాత్రం వదలకండి. పల్లంలో ఉన్నవారి ఇళ్లలోకి మురుగు ఎగదన్నుతుంది.

చివరిగా ఒక్క మాట. ప్రహరీగోడకు కన్నం పెట్టి నీటిని ప్రక్కవారి వాకిట్లోకి త్రోయడం సుళువే. కాని అది మన ఇల్లు ఆరబెట్టుకోవడానికి పొరుగింటిని తడపడం. కాలువ త్రవ్వకముందే పొరుగువారిని పిలిచి, ఇద్దరూ కలిసి వాలు చూడండి. రెండిళ్లకు ఒకే కాలువ సరిపోవచ్చు. ఖర్చు పంచుకోవచ్చు, వానాకాలంలో మాట పట్టింపులూ ఉండవు.