పొగగొట్టము మార్పు: ఇంటి పనియా, షెడ్డు పనియా?

కారు క్రింద నున్న పొగగొట్టము మనకు జ్ఞప్తికి వచ్చుట, అది తుప్పుపట్టి గలగలలాడినప్పుడో, వీధిలో మరియొక బండి గంభీరనాదము విని మన బండికిని అట్టి స్వరము కావలెనని మనసైనప్పుడో మాత్రమే. బజారున కొన్న కొత్త సైలెన్సరును ఇంటివద్దనే బిగించుకొనవచ్చునా, షెడ్డునకు పోవలెనా అను ప్రశ్నకు ఉత్తరము చెప్పుటకు ముందు, ఆ గొట్టము చేయు పని యెట్టిదో తెలిసికొనుట అవసరము.

ఇంజినులో దహనమైన వాయువులు మానిఫోల్డునందు ఏకమై క్యాటలిటిక్ కన్వర్టరులో ప్రవేశించును. ప్లాటినము, పెల్లేడియము, రోడియము మున్నగు అమూల్యలోహముల పలుచని పూతగల ఆ తేనెపట్టువంటి గూటియందు విషవాయువులు చాలవఱకు హానిలేనివిగా మారిన పిమ్మట, సైలెన్సరు వాని ధ్వనిని అణచి వెలికి విడుచును. 1995లో నాలుగు మహానగరములందు కొత్త పెట్రోలు కార్లకు విధింపబడిన ఈ కన్వర్టరును, దానిచెంత నుండు ఆక్సిజన్ సెన్సార్లను గృహస్థుడు ముట్టరాదు. దానికి వెనుక, బోల్టులతో కూర్చబడిన భాగము మాత్రమే ఇంటి పనికి తగినది.

ఆ పనికైనను ఓర్పు వలయును. బండి పూర్తిగా చల్లారవలెను. నేల చదునుగా నుండవలెను. జాకీ ఎత్తుటకే గాని మోయుటకు గాదు. గట్టి స్టాండ్లపై నిలుపక బండి క్రింద తల దూర్చుట ప్రాణములతో చెలగాటమే. బోల్టులకు ముందురాత్రియే తుప్పువదల్చు నూనె పట్టించినచో, తెల్లవారి పానకు లొంగును. గొట్టమును వ్రేలాడదీయు రబ్బరు పట్టీలు సబ్బునీటితో తడిపినంతనే జారి వచ్చును. కొత్త గ్యాస్కెట్టు వేసి, ముందు అన్నిటిని వదులుగా తగిలించి, గొట్టము బంపరునకు తగులకుండ సరిచూచి, పిదప మాత్రమే బిగింపవలెను.

అయితే తుప్పుచే బోల్టు విరిగినను, గొట్టమును కోసి అతుకవలసివచ్చినను, ఆ క్షణముననే షెడ్డునకు పోవుట వివేకము. అచ్చట బండిని నిలువెత్తున లేపు లిఫ్టు, మొండికెత్తిన బోల్టును కాచు మంట, వెల్డింగు చేయునప్పుడు ముందుగా బ్యాటరీ తీగ విప్పు అలవాటు గల మేస్త్రీ ఉండును. కాని షెడ్డువాడు చెప్పినను వినరాని మాట యొకటి కలదు: కన్వర్టరును తీసివేసినచో బండి పరుగెత్తునన్నది. 2019 సవరణ తరువాత, ధ్వని, వాయు కాలుష్య ప్రమాణములను మీరినవానికి మోటారు వాహనముల చట్టము 190వ సెక్షను క్రింద మొదటి తప్పునకే 10,000 రూపాయలవఱకు జరిమానా, మూడు నెలలవఱకు కారాగారము కలుగవచ్చును. జరిమానాకన్న ఘోరమైనది, ఆ పొగ మన వీధిలోని పసివారి ఊపిరితిత్తులలో చేరుట.

పని యెవరు చేసినను పరీక్ష యొక్కటే. ఆరుబయట చల్లని ఇంజినును అప్పుడే నడిపించి, ప్రతి అతుకుపైనను సబ్బునీరు చల్లి చూడవలెను. అచ్చట బుడగలు లేచినచో వాయువు కారుచున్నదన్నమాట. అందులోని కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. వెనుక సీటులో నిద్రించు బిడ్డకు అది చేరినను మనకు తెలియదు. బుడగ లేవని అతుకే మంచి అతుకు. దానిని బిగించినది యజమాని చేయియైనను, మేస్త్రీ చేయియైనను ఒక్కటే.