పెద్ద కోత లేకుండా కిడ్నీ రాళ్ళ తొలగింపు

"మా ఊరి నీళ్ళలో సున్నం ఎక్కువ, అందుకే రాళ్ళు" అని బొర్రా, అనంతగిరి వైపువారు అంటుంటారు. గుహల్లో చుక్క చుక్కగా రాయి పెరగడం చూసినవారికి అలా అనిపించడం సహజమే. కాని కిడ్నీలో రాళ్ళకు ముఖ్య కారణం చాలినంత నీరు తాగకపోవడం. మూత్రం చిక్కబడితే కాల్షియం, ఆక్సలేట్ వంటి లవణాలు పేరుకొని రాయిగా మారతాయి.

5 మిల్లీమీటర్ల లోపు రాళ్ళు చాలావరకు వాటంతటవే మూత్రంలో పడిపోతాయి. పెద్ద రాళ్ళకు ఒకప్పుడు నడుము పక్కన పెద్ద కోత పెట్టేవారు. ఇప్పుడు సాధారణంగా మూడు పద్ధతులున్నాయి.

1. షాక్ తరంగాలు: శరీరం బయటి నుండే రాయిని పొడి చేస్తారు. 1980లో జర్మనీలోని మ్యూనిక్‌లో మొదలైంది. గర్భిణీలకు చేయరు.

2. యూరెటెరోస్కోపీ: మూత్రమార్గం గుండా సన్నని గొట్టం పంపి, లేజరుతో రాయిని పగులగొడతారు. కోత ఉండదు.

3. పి.సి.ఎన్.ఎల్.: 2 సెంటీమీటర్లకు మించిన రాళ్ళకు, వీపుపై సుమారు 1 సెంటీమీటరు రంధ్రం చేసి తీస్తారు. 1976లో స్వీడన్‌లో మొదటిసారి చేశారు. ఇందులోనూ రక్తస్రావం, ఇన్‌ఫెక్షన్ రావచ్చు. కాబట్టి కొద్ది రోజులు ఆసుపత్రిలో ఉండాలి.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. ఆపరేషన్ తరువాత మూత్రనాళంలో స్టెంటు అనే మెత్తని గొట్టం పెట్టవచ్చు. నొప్పి తగ్గింది కదా అని కొందరు దానిని తీయించుకోవడానికి తిరిగి రారు. నెలల తరబడి ఉండిపోతే దానిమీదే రాళ్ళు పేరుకొని కిడ్నీ దెబ్బతింటుంది. తీయవలసిన తేదీని చీటీపై రాయించుకోండి, ఇంట్లోవారికి కూడా చెప్పండి.

నొప్పి తగ్గినంత మాత్రాన రాయి పోయినట్లు కాదు. అడ్డుపడిన రాయి నొప్పి లేకుండానే కిడ్నీని పాడుచేయవచ్చు. నొప్పితోపాటు చలిజ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా నాటు మందులతో కాలయాపన చేయక, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

ఈ చికిత్సలు ఖర్చుతో కూడినవని భయపడవద్దు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకాన్ని ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. అర్హత గురించి విశాఖపట్నం కింగ్ జార్జ్ ఆసుపత్రిలో గాని, పథకంలోని మరే ఆసుపత్రిలో గాని అడగండి. రేషన్ కార్డు, ఆధార్ వెంట తీసుకువెళ్ళండి.

మళ్ళీ రాళ్ళు రాకుండా, రోజుకు రెండు లీటర్లకు పైగా మూత్రం వచ్చేలా నీరు తాగండి. పొలానికి, కాఫీ తోటకు వెళ్ళేటప్పుడు కాచి చల్లార్చిన నీళ్ళ సీసా మరువకండి. ఉప్పు తగ్గించండి. పాలు, మజ్జిగ మానవలసిన పని లేదు.