టాబ్లెట్‌లో ఫాస్ట్‌బూట్ స్థితి

మాండలిక సేకరణకు వెళ్ళే మన విద్యార్థుల చేతుల్లో ఇప్పుడు టేప్ రికార్డరుకు బదులు ఆండ్రాయిడ్ టాబ్లెట్ ఉంటున్నది. హోసూరు, బళ్ళారి, బరంపురం ప్రాంతాల పెద్దవారి మాటలన్నీ అందులోనే ఉంటాయి. ఒకనాడు మీట నొక్కగానే మామూలు తెరకు బదులు 'ఫాస్ట్‌బూట్' అన్న అక్షరాలు కనిపిస్తాయి. కంగారుపడి అంగడికి తీసుకుపోవడం, అక్కడివారు 'సాఫ్ట్‌వేర్ వేసి' ఇవ్వడం, ముద్రణలన్నీ పోవడం మేము ఒకటికి రెండుసార్లు చూశాము. ఆ స్థితి ఏమిటో తెలిస్తే ఈ నష్టం చాలావరకు తప్పుతుంది.

మీట నొక్కగానే ఆండ్రాయిడ్ నేరుగా పనిలోకి దిగదు. ముందు బూట్‌లోడర్ అనే చిన్న ప్రోగ్రాము మేలుకొని, ఆండ్రాయిడును మెమరీలోకి ఎక్కించి, పగ్గాలు దానికి అప్పగిస్తుంది. (బూట్ అంటే మనం కాలికి తొడుక్కొనే బూటే. బూటు పట్టీ పట్టుకొని తనను తానే పైకి లేపుకోవడమనే ఇంగ్లీషు పలుకుబడి నుంచి వచ్చింది.) అలా అప్పగించకుండా బూట్‌లోడర్ అక్కడే ఆగి, యు.ఎస్.బి. తీగ ద్వారా కంప్యూటరు ఇచ్చే ఆజ్ఞల కోసం కాచుకొని ఉండే స్థితి ఫాస్ట్‌బూట్. కనుక ఈ తెర కనిపించినంత మాత్రాన టాబ్లెట్ చెడిపోయిందని అనుకోనక్కరలేదు.

ఈ సంభాషణ తీరు భాషాశాస్త్ర విద్యార్థులకు సరదాగా ఉంటుంది. టాబ్లెట్ తనంతట తాను నోరు విప్పదు, అడిగితేనే పలుకుతుంది. ప్రతి జవాబూ నాలుగు ఇంగ్లీషు అక్షరాల మాటతో మొదలవుతుంది: పని జరిగితే ఓకే, జరగకపోతే ఫెయిల్, మధ్యలో కబురు చెప్పాలంటే ఇన్ఫో, ఫైలు అందుకోవడానికి సిద్ధమైతే డేటా. ఓకేను కూడా ఓ, కె, ఎ, వై అని నాలుగక్షరాలుగానే రాస్తారు.

2012లో గూగుల్, ఆసుస్ కలిసి తెచ్చిన నెక్సస్ 7లో, ఆపి ఉన్నప్పుడు ధ్వని తగ్గించే మీటను, పవర్ మీటను కలిపి నొక్కిపడితే ఈ తెర వస్తుంది. మిగిలినవాటిలో మీటలు మారవచ్చు. బిగుతైన తొడుగు ధ్వని మీటను నొక్కి ఉంచినా ఇలా జరగవచ్చు. అందువల్ల ముందు తొడుగు తీసి, పవర్ మీటను పది పదిహేను సెకన్లు నొక్కి చూడండి. శాంసంగ్ టాబ్లెట్లలో డౌన్‌లోడ్ మోడ్ అనే వేరే ఏర్పాటు ఉంటుంది. ఇక్కడ చెప్పే ఆజ్ఞలు వాటికి పనిచేయవు.

కంప్యూటరులో గూగుల్ ఉచితంగా ఇచ్చే ప్లాట్‌ఫామ్ టూల్స్ ఉండాలి. ఆజ్ఞలను ఇంగ్లీషు చిన్న అక్షరాలతో టైపు చేయాలి. 'ఫాస్ట్‌బూట్ డివైసెస్' అంటే టాబ్లెట్ సీరియల్ నంబరు కనిపిస్తుంది. కనిపించకపోతే తీగనో, విండోస్ డ్రైవరునో అనుమానించాలి. 'ఫాస్ట్‌బూట్ గెట్‌వార్ ఆల్' టాబ్లెట్ వివరాలు చెబుతుంది. 'ఫాస్ట్‌బూట్ రీబూట్' తిరిగి ఆండ్రాయిడును లేపుతుంది. ఈ మూడూ దేనినీ చెరపవు.

'ఫ్లాష్', 'ఎరేజ్', 'అన్‌లాక్' సంగతి వేరు. ఫ్లాష్ అంటే టాబ్లెట్‌లోని ఒక భాగంపై కొత్త సాఫ్ట్‌వేరును రాయడం. తాళం వేసి ఉన్న బూట్‌లోడర్ దీనికి సాధారణంగా ఒప్పుకోదు. తాళం తీసే ఆజ్ఞ 'ఫాస్ట్‌బూట్ ఫ్లాషింగ్ అన్‌లాక్'. పాతవాటిలో 'ఫాస్ట్‌బూట్ ఓఇఎం అన్‌లాక్'. తాళం తీయగానే మన ఫైళ్ళన్నీ చెరిగిపోతాయి. ఇది కావాలని పెట్టిన కట్టుబాటే. లేకపోతే టాబ్లెట్ దొంగిలించినవాడు తన సాఫ్ట్‌వేరు ఎక్కించి మన వివరాలన్నీ చదువుకోగలడు. తిరిగి తాళం వేసినా ఇదే జరుగుతుంది.

ముద్రణలను టాబ్లెట్ నుంచి బయటికి తీసుకునే ఆజ్ఞ ఫాస్ట్‌బూట్‌లో లేదు. ఆండ్రాయిడ్ నడుస్తున్నప్పుడే, ఏ రోజువి ఆ రోజు, బస చేరగానే కంప్యూటరులోకి నకలు చేసుకోవాలి. అంగడివారు అన్‌లాక్ చేస్తామంటే ముందు ఆపి, 'రీబూట్ ఇచ్చి చూశారా?' అని అడగండి.