గోడ మీద తాతగారి ఫొటో వెనుక ఎన్లార్జరు

మన పల్లెల్లో పాత ఇంటి వసారాలో కాలు పెడితే ఫ్రేము కట్టించిన పెద్ద ఫొటో ఒకటి కనిపిస్తుంది. తలపాగాతో తాతగారో, ముక్కుపుడకతో నాయనమ్మో. చాలా ఇళ్లలో ఆ మనిషికి మిగిలిన రూపం అదొక్కటే. ఏ పెళ్లిలోనో గుంపుగా తీసిన ఫొటోలో వేలిగోరంత ఉన్న ముఖాన్ని అంత చేసిన యంత్రమే ఎన్లార్జరు.

తొలి రోజుల్లో గాజు పలక నెగెటివ్ ఎంత ఉంటే ఫొటో అంతే. పెద్ద ఫొటో కావాలంటే పెద్ద కెమెరా మోయవలసిందే. 1857లో అమెరికాలోని బాల్టిమోరుకు చెందిన చిత్రకారుడు డేవిడ్ వుడ్‌వర్డ్ ఎండతో పనిచేసే ఎన్లార్జరుకు పేటెంటు పొందారు. అద్దంతో ఎండను పట్టి నెగెటివ్ గుండా పంపాలి. సూర్యుడు జరిగేకొద్దీ అద్దం తిప్పుతుండాలి. అప్పటి కాగితం మందకొడిది కనుక గంటల తరబడి కాచుకోవాలి. మబ్బు పట్టిందా, పని ఆగినట్లే.

ఈ చిక్కును విడదీసింది యంత్రం కాదు, కాగితం. సిల్వర్ బ్రోమైడ్ పూసిన కాగితం 1880లలో బజారుకు వచ్చింది. దానికి దీపం వెలుగు చాలు. ఎర్ర వెలుగు మాత్రం దానిపై పనిచేయదు. స్టూడియో చీకటి గదిలో ఎర్ర బల్బు అందుకే. ఇదే వరుసలో లియో బేక్‌లాండ్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు వెలాక్స్ కాగితం తయారుచేసి 1899లో కొడక్ అధిపతి ఈస్ట్‌మన్‌కు అమ్మారు. అది నెగెటివ్‌కు ఆనించి ఫొటో తీసే కాగితం. ఆ తర్వాత ఆయన కనిపెట్టినదే బేకలైటు. మన పాత ఇళ్లలోని నల్ల స్విచ్చులు ఆ సరుకే!

1925లో జర్మనీలో లైకా కెమెరా వచ్చింది. దాని నెగెటివ్ 24 మిల్లీమీటర్ల వెడల్పు, 36 పొడవు. అంటే తపాలా బిళ్లంత. ఇక ఎన్లార్జరు లేనిదే ఫొటో లేదు. బొమ్మ పొడవు, వెడల్పులు రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. 5 సెకన్లు పట్టేది 20 సెకన్లు పడుతుంది. ఆ లెక్క తప్పితే కాగితం దండుగ. మన దేశంలో ఊటీలోని హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ కర్మాగారం 1967లో ఉత్పత్తి మొదలుపెట్టి ‘ఇందు’ పేరుతో సరుకు అమ్మింది. తర్వాత అదీ మూతపడింది.

గోడ మీది ఫొటో పసుపు రంగుకు తిరిగితే ఆనాడు హైపో సరిగా కడగలేదేమో అనుకోవచ్చు. నీళ్లకు కటకటగా ఉన్న ఊళ్లలో ఈ లోపం మామూలే. కాని నెగెటివ్ ఉంటే ఈనాటికీ కొత్త ఫొటో తీయవచ్చు. మీ ఊళ్లో పాత స్టూడియో వారుంటే, అటక మీద నెగెటివ్‌ల పెట్టె ఉందేమో ఒకసారి అడగండి. కొందరు కవరు మీద పేరు, తేదీ రాసి దాచేవారు.