పాత మిక్సీకి పన్ను లేదు.. కొత్త మిక్సీకి ఉంది!

ఆఫర్ లెటర్ వచ్చింది. వీసా చేతికొచ్చింది. ఇక సామాను సర్దుకుని ఫ్లైటెక్కడమే అనుకున్నా. అసలు కథ ఆ సామాను దగ్గరే మొదలైంది.

మాది శ్రీకాకుళం జిల్లా శ్రీముఖలింగం. వంశధార ఒడ్డున మధుకేశ్వరుడి గుడి ఉన్న ఊరు. హైదరాబాద్‌లో కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశాక జర్మనీలోని మ్యూనిక్‌లో అవకాశం వచ్చింది. నేనూ, మా ఆవిడా వెళ్తున్నాం. అమ్మానాన్నలకు చెప్పి వద్దామని ఊరెళ్తే, వాకిట్లో మూడు అట్టపెట్టెలు కనిపించాయి. కొత్త మిక్సీ, కొత్త కుక్కర్, సీలు కూడా తీయని స్టీలు డిన్నర్ సెట్టు. అమ్మ పాలమ్మిన డబ్బులు దాచి కొన్నవి.

"ఏట్రా అలా చూస్తావు? పరాయి దేశంలో పాత సామానుతో కాపురం పెడతారేటి?" అంది.

అప్పటికే నేను కస్టమ్స్ రూల్స్ చదివి ఉన్నాను. అందుకే ఏం చెప్పాలో తోచలేదు.

ధర కాదు.. వాడకం ముఖ్యం

మనలో చాలామంది ఏమనుకుంటాం? ఖరీదైన వస్తువుకే కస్టమ్స్ డ్యూటీ, చిన్నాచితకా సామానుకు ఏముంటుందిలే అని. కానీ ఇల్లు మారే వాళ్ల విషయంలో కస్టమ్స్ వాళ్లు ముందు చూసేది వేరు. ఈ వస్తువు నీదేనా? ఎన్నాళ్లుగా వాడుతున్నావు?

ఉద్యోగం కోసం ఒక దేశం నుంచి ఇంకో దేశానికి కాపురం మార్చేవాళ్లకు చాలా దేశాలు ఇంటి సామాను మీద పన్ను మినహాయిస్తాయి. జర్మనీతో పాటు యూరోపియన్ యూనియన్ అంతటికీ 2009 నాటి ఒకే చట్టం ఉంది. దాని ప్రకారం మనం కనీసం 12 నెలలు యూనియన్ బయట నివసించి ఉండాలి. తీసుకెళ్లే వస్తువు కనీసం 6 నెలలుగా మన దగ్గరుండి, మనం వాడుతున్నదై ఉండాలి. అక్కడ కాపురం పెట్టిన 12 నెలల్లోపు సామాను చేరాలి. చేరాక మరో ఏడాది దాకా దాన్ని అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు, ఎరువు కూడా ఇవ్వకూడదు. ఇవ్వాల్సి వస్తే ముందు కస్టమ్స్‌కి చెప్పి పన్ను కట్టాలి.

అంటే హైదరాబాద్ ఫ్లాట్‌లో రెండేళ్లుగా మేం వాడుతున్న గీతలు పడ్డ మిక్సీకి పన్ను లేదు. అమ్మ ప్రేమగా కొన్న కొత్త మిక్సీ ఈ మినహాయింపు కిందికి రాదు. జర్మనీలో మామూలు వ్యాట్ 19 శాతం. దానికి తోడు వస్తువును బట్టి కస్టమ్స్ డ్యూటీ. అదీ వస్తువు ధర ఒక్కదాని మీదే కాదు, రవాణా, బీమా ఖర్చులు కూడా కలిపి లెక్కేస్తారు.

"పోనీ నా పాత కుక్కర్ పట్టుకెళ్లు. పదేళ్ల నుంచి వాడతన్నాను" అంది అమ్మ. నవ్వొచ్చింది. అదీ కుదరదు. పదేళ్లుగా వాడింది అమ్మ, నేను కాదు కదా!

దేశానికో లెక్క

సూత్రం దాదాపు ఒకటే అయినా వివరాలు దేశానికో రకం. బ్రిటన్‌లోనూ 12 నెలల నివాసం, 6 నెలల వాడకం అడుగుతారు. 'టీఓఆర్ 1' అనే దరఖాస్తు పెట్టి ముందే అనుమతి తెచ్చుకోవాలి. అమెరికాకైతే ఇంటి సామాను విదేశంలో కనీసం ఏడాది వాడినదై ఉండాలి, ఫారం 3299 నింపాలి. ఇంకో మాట. మన మిక్సీలు 230 వోల్టులవి, అమెరికాలో కరెంటు 120 వోల్టులు. పన్ను తప్పినా మిక్సీ సరిగా తిరగదు!

కెనడా వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. సామాను ఓడలో తర్వాతెప్పుడో వచ్చినా, దాని జాబితా మాత్రం మొదటిసారి దిగిన రోజే కస్టమ్స్ అధికారికి చూపించాలి. 'వెనకాల వచ్చే సామాను' అని అందులో రాయించుకోకపోతే తర్వాత ఇబ్బందే.

మనవాళ్లు తిరిగొచ్చేటప్పుడూ ఇదే గొడవ. ఒకప్పుడు గల్ఫ్ నుంచి, సింగపూర్ నుంచి వచ్చేవాళ్ల చేతిలో ఫ్లాట్ టీవీ కనిపించేది. 2013 ఆగస్టు 26 నుంచి మన ప్రభుత్వం దానికి ఉచిత మినహాయింపు తీసేసింది. అప్పట్లో పడిన పన్ను 36.05 శాతం.

మరీ పాతదైతే?

కొత్త సామాను కుదరదని తేలాక అమ్మ అటకెక్కించింది నన్ను. అక్కడ గోనెసంచిలో చుట్టిన ఇత్తడి బిందె ఉంది. మా ముత్తాత రంగం వెళ్లి సంపాదించిన డబ్బుతో బుడితిలో చేయించాడట. ఆ రోజుల్లో మా జిల్లా నుంచి ఎంతోమంది బతుకుదెరువుకు ఓడెక్కి రంగూన్ వెళ్లేవారు. బుడితి ఇత్తడి సామాను మా ప్రాంతానికే పేరు.

"ఇది పాతదే కదరా. దీనికి పన్ను ఉండదు కదా?"

అక్కడ పన్ను సంగతి సరే, ఇక్కడే ఇంకో చట్టం అడ్డొస్తుంది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం, వందేళ్లు దాటిన కళాఖండాలు, పనితనం ఉన్న వస్తువుల్లాంటివి సొంతంగా దేశం దాటించకూడదు. రాతప్రతులకైతే 75 ఏళ్లే. తప్పితే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు. అనుమానం ఉన్న వస్తువు పురావస్తువు కాదని భారత పురావస్తు శాఖ నుంచి సర్టిఫికెట్ తీసుకోవాలి.

మా బిందెకు ఎన్నేళ్లు? తొంభయ్యా? నూట పదా? రాసిపెట్టిన వాళ్లు లేరు. ముత్తాత లేడు, చేసిన కంచరీ లేడు. అమ్మ కాసేపు బిందె మీద చెయ్యేసి కూర్చుంది. "అయితే ఇక్కడే ఉండనీరా. మీరొచ్చినప్పుడు చూసుకోవచ్చు" అంది.

ఇక నెయ్యి డబ్బా. పాలు, మాంసంతో చేసినవి బయటి దేశాల నుంచి సొంతానికి కూడా యూరోపియన్ యూనియన్‌లోకి తీసుకెళ్లనివ్వరు. అదీ ఆగింది.

పెట్టె కట్టే ముందు ఇవి చూసుకోండి

• ప్రతి పెట్టెకూ నంబర్ వేయండి. లోపల ఏముందో, ఎప్పుడు కొన్నారో, ఇప్పటి విలువెంతో జాబితా రాయండి. 'కిచెన్ సామాను' అని ఒక్క ముక్కలో రాస్తే ప్రశ్నలొస్తాయి.

• పాత బిల్లులు, ఆన్‌లైన్ ఆర్డర్ల స్క్రీన్‌షాట్లు దాచుకోండి. వాడకానికి సాక్ష్యం అవే.

• అద్దె ఒప్పందం, ఉద్యోగ కాంట్రాక్టు, కొత్త అడ్రస్ కాగితాలు స్కాన్ చేసి ఫోన్‌లో పెట్టుకోండి.

• 'డోర్ టు డోర్' అని కొటేషన్ ఇస్తే అందులో పన్నులు, పోర్టు ఛార్జీలు ఉన్నాయా అని రాతపూర్వకంగా అడగండి. కాగితాలు సరిగ్గా లేక సామాను ఆగితే గోడౌన్ అద్దె రోజురోజుకీ పెరుగుతుంది.

• సామాను పంపే వారం ముందు ఆ దేశపు కస్టమ్స్ వెబ్‌సైట్ మళ్లీ చూడండి. రూల్స్ మారుతుంటాయి. వాట్సాప్ ఫార్వర్డ్‌ని నమ్మొద్దు.

చివరికి ఓడెక్కింది మా హైదరాబాద్ సామానే. సొట్ట కుక్కర్, పిడి వదులైన పెనం, పెళ్లయినప్పటి నుంచి వాడుకుంటున్న కంచాలు, గీతలు పడ్డ మిక్సీ.

కొత్త మిక్సీ సీలు నేనే తీశాను. అమ్మ వంటింట్లో పాతది మూడు నెలలుగా పాడైందని, రోట్లోనే పచ్చడి రుబ్బుతోందని అప్పుడే తెలిసింది. తనకో మిక్సీ కొనుక్కోవాలని తోచలేదు కానీ, నాకు మాత్రం కొంది.

ఆ పూట కొబ్బరి పచ్చడి ఆ మిక్సీలోనే చేసింది. "మీకని కొన్నది నేను వాడతన్నానేటి?" అని నొచ్చుకుంది.

"వాడమ్మా, ఆరు నెలలు దాటాక ఆలోచిద్దాం" అన్నాను.