87వ వంతు రైలు

రాజమండ్రి దగ్గర గోదావరి మీద 1997లో రైళ్ళ రాకపోకలు మొదలైన ఆర్చి వంతెనకు 28 కమానులు. ఒక్కో కమాను దాదాపు 97.5 మీటర్లు. మోడల్ రైళ్ళలో ప్రపంచమంతటా ఎక్కువమంది వాడే కొలత హెచ్‌ఓ, అంటే అసలులో 87వ వంతు. ఆ లెక్కన కడితే ఒక్క కమానుకే 112 సెంటీమీటర్లు కావాలి, వంతెన మొత్తానికి 31 మీటర్ల పైచిలుకు. దాని మీద నడిచే 24 పెట్టెల ఎక్స్‌ప్రెస్ ఆరు మీటర్లు దాటుతుంది. సికింద్రాబాద్ నుంచి కాజీపేటకు ఉన్న 132 కిలోమీటర్ల దారి ఒకటిన్నర కిలోమీటర్లవుతుంది. 87తో భాగించాక కూడా రైలుమార్గం ఏ ఇంట్లోనూ పట్టదు. అన్ని కొలతలనూ ఒకే అంకెతో భాగిస్తే మోడల్ తయారవుతుందనే నమ్మకం ఈ ఒక్క లెక్కతో పోతుంది. చిక్కు పొడవు ఒక్కదానితోనే కాదు. బరువు, రాపిడి, విద్యుత్తు, నీరు, కాలం ఒక్కోటీ ఒక్కో రకంగా మొరాయిస్తాయి. ఈ చిన్న యంత్రం నూట ముప్పై ఏళ్ళ చరిత్రలో వచ్చిన ముఖ్యమైన మార్పులన్నీ అలా మొరాయించిన ఏదో ఒకదానికి జవాబుగా పుట్టినవేనని నా వాదన. అసలుకు దగ్గరగా ఉండటం మంచి మోడల్‌కు అవసరమే. అయితే ఎక్కడ దూరం జరగాలో తెలిసి నిర్ణయించడం అంతకంటే కష్టమైన పని, మోడల్ మంచిచెడ్డలు తేలేది అక్కడే.

తొలి బొమ్మరైళ్ళకు ఈ చింత లేదు. పందొమ్మిదో శతాబ్దంలో యూరప్ పిల్లలు నేల మీద తోసుకుంటూ ఆడుకున్న తగరపు ఇంజన్లకు కొలతంటూ ఏదీ లేదు. తయారీదారు చేతికి వచ్చిన సైజే సైజు. జర్మనీలోని గెప్పింగెన్ ఊరి మెర్క్‌లిన్ కంపెనీ 1891లో లైప్జిగ్ సంతలో పెట్టిన సరుకు దీన్ని మార్చింది. కీ ఇస్తే తిరిగే ఇంజన్లు అప్పటికే ఉన్నాయి. మెర్క్‌లిన్ చేసిన కొత్త పని పట్టాల మధ్య దూరాలకు నంబర్లు వేసి, ఒక నంబరు పట్టాలన్నీ ఒకదానికొకటి అతికేలా చేయడం. ఈ ఏడాది కొన్న గుండ్రటి దారికి వచ్చే ఏడాది ఒక చీలిక, ఆపైన ఒక వంతెన కలుపుకోవచ్చు. రైలు ఒక వస్తువుగా ఉండటం మానేసి పెరుగుతూ పోయే వ్యవస్థ అయింది. దానితోపాటు ఒక బంధనం కూడా వచ్చింది. ఒకసారి ఇళ్ళలో పరచుకున్న పట్టాల కొలతను తర్వాత మార్చడం దాదాపు అసాధ్యం. ఆ బంధనం ఎంత గట్టిదో ఇంగ్లండులో తెలిసింది.

1920లలో బల్ల మీద పట్టే చిన్న రైళ్ళు వచ్చాక పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్ల దూరం స్థిరపడింది. అసలు రైల్వేలో ప్రామాణిక గేజి 1435 మిల్లీమీటర్లు కనుక ఇది సరిగ్గా 87వ వంతు. యూరప్‌కు, అమెరికాకు ఈ కొలత సరిపోయింది. బ్రిటన్‌కు సరిపోలేదు. అందరికంటే ముందు రైలుమార్గాలు వేసిన దేశం కావడంతో అక్కడి సొరంగాలూ వంతెనలూ ఇరుకు. అందువల్ల గేజి అదే అయినా ఇంజన్లు, పెట్టెలు యూరప్ వాటికంటే సన్నంగా, పొట్టిగా ఉంటాయి. 87వ వంతుకు తగ్గించిన బ్రిటిష్ ఇంజన్ పొట్టలో ఆనాటి మోటారు పట్టేది కాదు. దాంతో తయారీదారులు ఇంజన్ పైభాగాన్ని 76వ వంతులో కాస్త పెద్దదిగా చేసి, పట్టాలను మాత్రం 16.5 దగ్గరే ఉంచేశారు. 1938లో వచ్చిన హార్న్‌బీ డబ్లో రైళ్ళతో ఈ ఏర్పాటు బ్రిటన్‌లో పాతుకుపోయింది. 76వ వంతు లెక్కలో 16.5 మిల్లీమీటర్లంటే అసలులో సుమారు 1257 మిల్లీమీటర్లే. దాదాపు ఏడంగుళాలు తక్కువ. అందుకే ఎదురుగా చూస్తే ఆ ఇంజన్లు కాళ్ళు దగ్గరగా పెట్టుకుని నిలబడ్డ మనిషిలా కనిపిస్తాయి. ఆ తర్వాత మోటార్లు ఎంతో చిన్నవయ్యాయి. కారణం పోయినా కొలత మాత్రం ఈనాటికీ మారలేదు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. సోమరితనానికి రాజీ అని పేరు పెడుతున్నారని, ఓపిక ఉంటే ఖచ్చితంగా చేయవచ్చునని కొందరంటారు. అన్నవాళ్ళు చేసి చూపించారు కూడా. బ్రిటన్‌లో 1960లలో మొదలైన పీ4 పద్ధతి 76వ వంతుకు సరిపడా 18.83 మిల్లీమీటర్ల గేజి వాడుతుంది, చక్రాన్ని కూడా అసలు కొలతకే చేస్తుంది. ఆ నిష్ఠ మీద నాకు నిజంగా గౌరవం ఉంది. అయితే వాళ్ళ అనుభవం నా వాదనకే బలం. అసలు చక్రం లోపలి అంచు, రైల్వేవాళ్ళు ఫ్లాంజ్ అనేది, సుమారు 28 మిల్లీమీటర్లు దిగి పట్టాను పట్టుకుంటుంది. 76వ వంతులో అది 0.37 మిల్లీమీటర్లు. పట్టాల అతుకు దగ్గర అంతకంటే ఎత్తు మిట్ట వస్తే చాలు, చక్రం దిగిపోతుంది. అందుకని ఇరుసులకు స్ప్రింగులో, ఊగే ఆధారాలో పెట్టాలి. మలుపులు విశాలంగా తీయాలి, పట్టాలు చేత్తో వేసుకోవాలి. అంటే గేజి దగ్గర కుదిరిన ఖచ్చితత్వానికి ధర స్థలంలోనూ శ్రమలోనూ చెల్లించాల్సి వచ్చింది. రాజీ పోలేదు, చోటు మారింది.

మలుపు సంగతి ఇంకా తీవ్రం. మన బ్రాడ్‌గేజ్‌లో అనుమతించే అత్యంత పదునైన మలుపు వ్యాసార్ధం 175 మీటర్లు. 87వ వంతులో అది రెండు మీటర్లు. రైలు వెనక్కి తిరిగి రావాలంటే గది వెడల్పు నాలుగు మీటర్లకు పైగా ఉండాలి. ఎక్కువమంది ఇళ్ళలో వాడే రెడీమేడ్ పట్టాల వ్యాసార్ధం 18 అంగుళాలు, అంటే అసలులో 40 మీటర్లు. అలాంటి మలుపులో ఏ ఎక్స్‌ప్రెస్ పెట్టే తిరగదు. తిరిగేలా చేయడానికి మోడల్‌లో పెట్టెల మధ్య ఎడం పెంచుతారు, బోగీ (పెట్టె కింద చక్రాలను మోసే చట్రం) చక్రాలకు అడ్డు తగిలే కింది అంచులు కోసేస్తారు, కొక్కేన్ని పెట్టెకు బదులు బోగీకి తగిలిస్తారు. నేర్పరులు మరో పని కూడా చేస్తారు. పదును మలుపులన్నీ కొండ వెనకో సొరంగంలోనో దాచి, కంటికి కనబడేచోట మాత్రం దారిని ఉదారంగా వంచుతారు. ఇది మోసమనడానికి లేదు. చూసేవాడి కన్ను ఎక్కడ నిలుస్తుందో లెక్కగట్టి కొలతల నిజాయితీని అక్కడ ఖర్చుపెట్టడం ఇది.

బరువు దగ్గర లెక్క మరీ విచిత్రం. పొడవు 87వ వంతైతే, వెడల్పూ ఎత్తూ కూడా అలాగే తగ్గుతాయి కాబట్టి బరువు 87ను మూడుసార్లు హెచ్చించిన అంకెతో, అంటే సుమారు ఆరు లక్షల 58 వేలతో భాగించాలి. 123 టన్నుల వాప్-7 ఎలక్ట్రిక్ ఇంజన్ అప్పుడు 187 గ్రాములు తూగుతుంది. సుమారు 40 టన్నుల ఐసీఎఫ్ రకం ప్రయాణికుల పెట్టె 61 గ్రాములు. ఆ బరువుతో పెట్టె పట్టాల మీద నిలవదు. ఎందుకంటే అతుకుల దగ్గరి ఎగుడుదిగుడు, ఇరుసుల రాపిడి, పక్కకు లాగే కొక్కెం బలం అదే నిష్పత్తిలో తగ్గవు. 1935లో ఏర్పడిన అమెరికా మోడల్ రైల్వే సంఘం ఎన్‌ఎంఆర్‌ఎ సూత్రం ప్రకారం హెచ్‌ఓ పెట్టె ఒక ఔన్సు, ఆపైన అంగుళానికి అర ఔన్సు చొప్పున తూగాలి. మన ఐసీఎఫ్ పెట్టెకు అది సుమారు 165 గ్రాములు. స్కేలు చెప్పేదానికి రెండున్నర రెట్ల పైన. అందుకే పెట్టె అడుగున ఇనుప ముక్కలో సీసపు ముక్కలో దాస్తారు. ఇంత చేసినా ఊపు రాదు. అసలు రైలుకు కరెంటు ఆపినా అది కిలోమీటర్ల దూరం దొర్లుతుంది. మోడల్ ఇంజన్‌లో మోటారు వర్మ్ గేరు ద్వారా ఇరుసును తిప్పుతుంది. ఆ గేరును ఇరుసు వైపు నుంచి తిప్పడం కుదరదు కనుక కరెంటు పోగానే చక్రాలు బిగుసుకుని రైలు టక్కున ఆగుతుంది. మోటారు కడ్డీకి ఇత్తడి ఫ్లైవీలు తగిలించడం, ఈమధ్య ఎలక్ట్రానిక్ చిప్ ద్వారా వేగాన్ని నెమ్మదిగా పెంచి తగ్గించడం ఆ లేని ఊపును తెచ్చిపెట్టడానికే.

కరెంటు అసలు రైల్వేకు తెలియని సమస్యను తెచ్చింది. రెండు పట్టాల్లో ఒకటి ధన, ఒకటి రుణ ధ్రువంగా 12 వోల్టుల డీసీ ఇస్తే చక్రాలే దాన్ని మోటారుకు అందిస్తాయి. కానీ దారి ఉంగరంలా తిరిగి, వచ్చిన దారినే ఎదురుదిశలో కలుసుకుంటే కుడి పట్టా వచ్చి ఎడమ పట్టాను తాకుతుంది, షార్ట్ సర్క్యూట్ అవుతుంది. ఉంగరంలో రెండుచోట్ల పట్టాలను తెంపి, రైలు లోపల ఉండగా ధ్రువాలు మార్చే స్విచ్ పెట్టాల్సి వచ్చింది. ఎన్నో రైళ్ళు, ఎన్నో విభాగాలు ఉన్న లేఅవుట్లలో ఈ స్విచ్‌ల వ్యవహారమే ఒక శాస్త్రమైంది. అమెరికాలోని ఎంఐటీలో 1946లో మొదలైన మోడల్ రైల్ క్లబ్ సభ్యులు టెలిఫోన్ ఎక్స్చేంజి రిలేలతో అలాంటి నియంత్రణ వ్యవస్థ కట్టారు. అక్కడి నుంచి కొందరు నేరుగా కంప్యూటర్ల వైపు వెళ్ళారు. తొలితరం కంప్యూటర్ ఆటల్లో పేరుపొందిన 1962 నాటి స్పేస్‌వార్ వెనుక ఉన్న స్టీవ్ రసెల్ ఆ క్లబ్ సభ్యుడే. చివరకు 1990లలో జర్మనీకి చెందిన లెంజ్ కంపెనీ పద్ధతి ఆధారంగా ఎన్‌ఎంఆర్‌ఎ డిజిటల్ ప్రమాణం తెచ్చింది. పట్టాల్లో కరెంటుతోపాటు ఆజ్ఞలు కూడా ప్రవహిస్తాయి, ప్రతి ఇంజన్ తన నంబరుకు వచ్చిన ఆజ్ఞనే పాటిస్తుంది. ఉంగరం దగ్గర ధ్రువాలు మార్చడం ఇప్పటికీ తప్పదు. కాకపోతే ఇంజన్ ఎటు పోవాలో పట్టాల ధ్రువం నిర్ణయించదు కాబట్టి ఆ పని క్షణంలో దానంతటదే జరిగిపోతుంది, రైలు ఆగనక్కరలేదు.

పదార్థాల మొండితనం బాగా తెలిసేది పట్టాల కింద కంకర పోసేటప్పుడు. 50 మిల్లీమీటర్ల కంకర 87వ వంతులో 0.6 మిల్లీమీటర్ల ఇసుకరేణువు. జల్లెడ పట్టిన ఆ ఇసుకను స్లీపర్ల మధ్య పోసి, మెత్తటి బ్రష్‌తో సర్ది, పట్టా పక్కన అంటుకున్న ఒక్కో రేణువునూ తట్టి దింపుతారు. తర్వాత నీళ్ళు కలిపిన ఫెవికాల్‌ను డ్రాపర్‌తో వదలాలి. నేరుగా వదిలితే చుక్క గుండ్రంగా నిలబడి రేణువులను తన మీదికి లాక్కుంటుంది, సర్దినదంతా గుంటలు పడుతుంది. నీటి తలతన్యత స్కేలుతో తగ్గదు మరి. అందుకని ముందుగా గిన్నెలు తోమే ద్రవం రెండు చుక్కలు కలిపిన నీటిని సన్నటి తుంపరగా చల్లుతారు. తలతన్యత విరిగి నీరు ఇసుకలోకి ఇంకుతుంది, దాని వెంబడి జిగురు దిగుతుంది. ఇదే కారణంగా మోడల్ గోదావరిలో నిజమైన నీళ్ళు పోయకూడదు. మూడు మిల్లీమీటర్ల చుక్క ఆ లోకంలో 26 సెంటీమీటర్ల బంతి. రంగు వేసిన పలక మీద పారదర్శక రెజిన్ పోసి, పైన వార్నిష్‌ను బ్రష్‌తో పొడిచి అలలు తెస్తే అదే నీరులా కనిపిస్తుంది. కాలమూ అంతే. గంటకు 100 కిలోమీటర్ల వేగం ఇక్కడ సెకనుకు 32 సెంటీమీటర్లు. ఐదు మీటర్ల దూరంలో ఉన్న పక్క స్టేషన్‌కు రైలు పావు నిమిషంలో చేరిపోతుంది. టైంటేబుల్ ప్రకారం రైళ్ళు నడిపేవాళ్ళు అందుకే నాలుగు రెట్లో ఆరు రెట్లో వేగంగా తిరిగే గడియారం పెట్టుకుంటారు.

ఇదంతా పెద్దవాళ్ళ బొమ్మలాటే కదా అనే మాట తరచు వినిపిస్తుంది. కానీ బ్రిటన్‌లో లంకషైర్ అండ్ యార్క్‌షైర్ రైల్వే 1912లో తన సిగ్నల్ సిబ్బందికి పాఠాలు చెప్పడానికి ఒక మోడల్ రైల్వే కట్టింది. అది 1995 దాకా ఆ పనికి వాడుకలో ఉంది, ఇప్పుడు యార్క్ మ్యూజియంలో ఉంది. అందులో చూడాల్సింది రైలు అందం కాదు, ఏ మీట లాగితే ఏ సిగ్నల్ దిగాలి, ఏ మీట కదలకుండా ఉండాలి అన్నది. ఆ తర్కాన్ని మాత్రం ఒక్క మిల్లీమీటరు కూడా కుదించలేదు. ఈరోజు ఆ పని కంప్యూటర్ సిమ్యులేటర్ చేస్తుందనేది మరింత బలమైన అభ్యంతరం. డ్రైవరుకు తర్ఫీదివ్వడంలో సిమ్యులేటర్‌దే పైచేయి, ఒప్పుకోవాలి. అయితే తెర మీది చక్రానికి ప్రోగ్రామ్‌లో ఎవరో రాసినంత రాపిడే ఉంటుంది. బల్ల మీది చక్రానికి ఎవరూ ఊహించని రాపిడి కూడా ఉంటుంది, అది పట్టా తప్పి తన సంగతి తానే చెబుతుంది. పదో తరగతి పుస్తకంలో ఘనపరిమాణం గురించి చదివిన పిల్లవాడికి, 61 గ్రాముల పెట్టె ఎందుకు బోల్తా పడిందో చేత్తో పట్టుకుని తేల్చుకునే అవకాశం ఇంత చవగ్గా మరెక్కడా దొరకదు.

మన రైళ్ళ మోడళ్ళకు ఈ చర్చ అంతా నేరుగా వర్తిస్తుంది. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు, 87వ వంతులో 19.26. బజారులో దొరికే భారతీయ మోడళ్ళు మాత్రం అంతర్జాతీయంగా దొరికే 16.5 మిల్లీమీటర్ల పట్టాల మీదే నడుస్తాయి. అసలు లెక్కలో 241 మిల్లీమీటర్లు ఇరుకు. బ్రిటన్ చేసిన తప్పే మనమూ చేస్తున్నామని కొందరు బాధపడతారు. నా ఉద్దేశంలో కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు ఈ రాజీ సబబే. పక్క నుంచి చూసినప్పుడు గేజి తేడా కనబడదు. ఆర్చి వంతెన విషయంలోనూ అంతే. 28 కమానుల చోట మూడు కడితే ఎవరూ తప్పుపట్టరు. కానీ కమాను పొడవుకూ ఎత్తుకూ ఉన్న నిష్పత్తి చెడితే రాజమండ్రి మనిషి మొదటి చూపులోనే పట్టేస్తాడు.

అయితే తెలుగువాళ్ళకు ఇంతకంటే మంచి దారి ఒకటుంది. శ్రీకాకుళం జిల్లా నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో మొదలై, 1931లో గుణుపురం దాకా సాగిన చిన్న రైలుమార్గం గేజి 762 మిల్లీమీటర్లు. 87వ వంతులో అది 8.76. ప్రపంచమంతటా సులువుగా దొరికే ఎన్ గేజి పట్టాల మధ్య దూరం 9 మిల్లీమీటర్లు. తేడా మిల్లీమీటరులో పావు వంతు. చిన్న ఇంజన్లు, నాలుగైదు పెట్టెలు, బ్రాడ్‌గేజ్ ఒప్పుకోని పదును మలుపులు. రాజీలన్నీ ఇక్కడ కనీసానికి దిగివస్తాయి, లేఅవుట్ ఒక గోడ పొడవులో పడుతుంది. ఆ చిన్న గేజి రైలు 2004లో ఆగిపోయింది, 2011 నుంచి ఆ దారిలో బ్రాడ్‌గేజ్ రైళ్ళు తిరుగుతున్నాయి. పోతున్నదాన్ని మోడల్‌గా నిలుపుకోవచ్చు. బ్రిటన్‌లో రాయ్ ఇంగ్లండ్ అనే ఆయన 1930లలో ఆక్స్‌ఫర్డ్ పరిసరాల్లో మార్పుకు లోనవుతున్న పల్లె ఇళ్ళను కొలిచి మోడళ్ళుగా కట్టడం మొదలుపెట్టినందుకే నేడు పెండన్ మ్యూజియంలో ఆ పల్లెసీమ ఉంది. నౌపడ దారి మీద ప్రయాణించినవాళ్ళు, పనిచేసినవాళ్ళు ఇంకా మన మధ్య ఉన్నారు. వాళ్ళ దగ్గరి ఫొటోలు, స్టేషన్ల కొలతలు, పెట్టెల రంగులు అడిగి రాసిపెట్టుకోండి. పట్టాలు ఎప్పుడైనా కొనుక్కోవచ్చు.